మాటలు ఆలస్యమా? ముందు చెవులు పరీక్ష చేయించండి

‘‘వాళ్ల నాన్నకూ మూడేళ్లకే మాటలొచ్చాయి, కంగారు పడకు.’’ రెండేళ్లు నిండినా బిడ్డ మాట్లాడకపోతే చాలా ఇళ్లలో వినిపించే మాట ఇది. కొందరి విషయంలో అది నిజమే. కానీ సమస్య వినికిడిలో ఉంటే, ఆ ధీమా వల్ల పోయిన నెలలు తిరిగిరావు. పిల్లలు విన్నదే కదా పలికేది!

ఎప్పుడు అనుమానించాలి?

పెద్ద చప్పుడుకు ఉలిక్కిపడకపోయినా, ఏడాది దాటినా పేరు పెట్టి పిలిస్తే తిరగకపోయినా, రెండేళ్లకు ‘పాలు కావాలి’ అన్నట్టు రెండు మాటలు కలపలేకపోయినా డాక్టర్‌కు చూపించండి. వచ్చిన మాటలు పోతే ఏ వయసులోనైనా ఆగొద్దు.

ఇంట్లో పళ్లెం మోగించి చూస్తే సరిపోదా?

సరిపోదు. చప్పుడు వినపడకపోయినా మీ చెయ్యి కదలడం చూసి బిడ్డ తిరగొచ్చు. కొన్ని శబ్దాలు వినిపించి, కొన్ని వినిపించకపోవచ్చు కూడా. ఓఏఈ పరీక్షలో బిడ్డ నిద్రలో ఉండగానే చెవిలో చిన్న ప్రోబ్ పెట్టి చూస్తారు. నొప్పి ఉండదు. తేడా ఉంటే బెరా పరీక్ష చేస్తారు. నెలలోపు పరీక్ష, 3 నెలల్లోపు నిర్ధారణ, 6 నెలల్లోపు చికిత్స మొదలవ్వాలన్నది నిపుణులు పాటించే లెక్క. ఆ గడువు దాటిందని ఊరుకోవద్దు. ఇప్పుడైనా చేయించండి.

ప్రభుత్వ సేవలేమిటి?

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం (ఆర్‌బీఎస్‌కే) 18 ఏళ్ల లోపు పిల్లలకు వర్తిస్తుంది. పుట్టుకతో వచ్చే చెవుడు, మాటల జాప్యం రెండూ ఇందులో ఉన్నాయి. అయితే ఈ వైద్య బృందాలు వెళ్లేది అంగన్‌వాడీలకు, ప్రభుత్వ, ఎయిడెడ్ బడులకు. మీ పాప ప్రైవేటు ప్లేస్కూల్‌కు వెళ్తుంటే ఎవరో వచ్చి పరీక్షిస్తారని ఎదురుచూడకండి. జిల్లా స్థాయిలోని డీఈఐసీ కేంద్రం ఎక్కడుందో ప్రభుత్వాసుపత్రిలో అడిగి మీరే తీసుకెళ్లండి.

వినికిడి యంత్రంతో ఫలితం లేని చిన్నారులకు కాక్లియర్ ఇంప్లాంట్ కోసం కేంద్రం ‘అడిప్’ పథకం కింద సాయం చేస్తోంది. పుట్టుకతో వినికిడి లేనివారికి అందులో వయోపరిమితి 5 ఏళ్లు. ‘ఇంకొన్నాళ్లు చూద్దాం’ అనుకునేవారు ఈ ఒక్క సంఖ్య గుర్తుంచుకోవాలి. ఆపరేషన్ అయ్యాక కూడా వినడం, పలకడం నేర్పే థెరపీ కొనసాగాలి. ఆపరేషన్‌తోనే మాటలు వచ్చేయవు.

చెవులు బాగానే ఉంటే?

అప్పుడు కూడా డాక్టర్ సలహా తీసుకోండి. ఇంట్లో మాటలు పెంచండి. స్నానం చేయిస్తూ, అన్నం పెడుతూ చేస్తున్న పని చెప్పండి. ప్రశ్న అడిగాక జవాబు మీరే ఇచ్చేయకుండా కాసేపు ఆగండి. రెండేళ్ల లోపు పిల్లలకు స్క్రీన్ వద్దని, 2-4 ఏళ్ల వారికి రోజుకు గంట మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. ఫోన్ మాట్లాడుతుంది కానీ, బిడ్డ ‘తాత’ అంటే మురిసిపోయి మళ్లీ అనమని అడగదు. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లిష్ ఉంటే మాటలు ఆలస్యమవుతాయన్న భయమూ అక్కర్లేదు. మీకు బాగా వచ్చిన భాషలోనే మాట్లాడండి.