టులెట్ బోర్డు మీద రాయని షరతు



పోయిన భాగంలో హాస్టళ్ల గురించి మాట్లాడుకున్నాం. హాస్టల్ గడువు అయిపోయాక పెట్టె సర్దుకున్న పిల్లలు ఎక్కడికి పోతారన్నది ఈ భాగం. అశోక్‌నగర్, చిక్కడపల్లి, దిల్‌సుఖ్‌నగర్ గల్లీల్లో టులెట్ బోర్డులు చూసుకుంటూ తిరుగుతారు.

నీ కులానికి ఇల్లివ్వం అని హైదరాబాద్‌లో మొహం మీద చెప్పేవాళ్లు తక్కువ. "మీరేమోళ్లు?" అని అడుగుతారు. అలా అడగడం బాగుండదనుకున్నవాళ్లు ఇంటిపేరు అడుగుతారు, సొంతూరు అడుగుతారు, నీసు తింటారా అని అడుగుతారు. ఆ తర్వాత "మా తమ్ముడొస్తున్నాడంట, ఏ సంగతీ ఫోన్ చేసి చెప్తాం" అంటారు. ఆ ఫోన్ రాదు. బోర్డు మాత్రం నెల దాకా అక్కడే వేలాడుతుంది.

ఉద్యోగంలో చేరిన ఏడాది నేనూ ఇట్లాగే తిరిగాను. ఒక ఇంటాయన నా పేరు ముందు డాక్టర్ అని చూసి కుర్చీ వేయించి, ఏ ఆసుపత్రి సార్ అని అడిగాడు. తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ అని చెప్పాను. చాలా సంతోషం అన్నాడు. మాట అడ్వాన్స్ దాకా వచ్చింది. అప్పుడు "ఏమీ అనుకోకండి" అంటూ అసలు ప్రశ్న అడిగాడు. చెప్పాను. చాయ్ తాగి వెళ్లమన్నాడు గానీ, తాళంచెవులు మళ్లీ ఆయన జేబులోకే పోయాయి. ఆ రెండు నిమిషాల్లో నా జీతం మారలేదు, నా చదువు మారలేదు.

1917లో బాబాసాహెబ్ కొలంబియాలో చదివి వచ్చి బరోడా సంస్థానంలో ఉద్యోగానికి చేరితే, ఊళ్లో ఉండటానికి ఇల్లు దొరకలేదు. పార్సీ పేరుతో ఒక సత్రంలో ఉంటే, కొద్ది రోజులకే కర్రలు పట్టుకొచ్చి వెళ్లగొట్టారు. హిందూ స్నేహితుడూ, క్రైస్తవ స్నేహితుడూ ఇంట్లో పెట్టుకోలేకపోయారు. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఆయనే రాసుకున్నారు. ఈ కథ చదివి కన్నీళ్లు పెట్టుకునే మనం ఇంకో ప్రశ్న కూడా వేయాలి. ఆ రోజు బరోడాలో ఆయన పోయి ఫిర్యాదు చేయడానికి ఒక ఆఫీసు ఉందా? లేదు. మరి ఇవాళ హైదరాబాద్‌లో ఉందా?

చట్టం లేదనుకోకండి. 1955లో అస్పృశ్యతా నేరాల చట్టంగా వచ్చి, 1976 సవరణతో పౌర హక్కుల పరిరక్షణ చట్టంగా పేరు మారిన చట్టం ఒకటుంది. అంటరానితనం కారణంగా ఏ ప్రాంతంలోనైనా నివాస గృహంలో ఉండకుండా అడ్డుకోవడం దాని 4వ సెక్షన్ కింద నేరం. నెల నుంచి ఆరు నెలల దాకా జైలు, జరిమానా. 12వ సెక్షన్ ఇంకా ముఖ్యం. బాధితులు ఎస్సీలైతే, అది అంటరానితనం వల్ల జరగలేదని తేలేదాకా కోర్టు దాన్ని అంటరానితనంగానే భావించాలి. ఎంతమంది విద్యార్థులకు ఈ సెక్షన్ తెలుసు? చిక్కు ఎక్కడంటే, ముందు నేరం జరిగిందని చూపించాలి. "మా తమ్ముడొస్తున్నాడు" అనే మాట మీద కేసు ఎట్లా కట్టాలి?

కిరాయి చట్టాల సంగతీ చూద్దాం. మన 1960 కిరాయి నియంత్రణ చట్టం 3వ సెక్షన్ ప్రకారం ఇల్లు ఖాళీ అయితే యజమాని అధికారికి తెలపాలి. ఎందుకంటే, ప్రభుత్వ ఉద్యోగులకు ఇళ్లు కేటాయించడానికి. అంటే తనకు అవసరమైతే ఖాళీ ఇల్లు ఎవరికి పోవాలో ప్రభుత్వం చెప్పగలదు. 2005 సవరణతో కార్పొరేషన్లలో నెలకు 3,500 రూపాయలు దాటిన కిరాయి ఇళ్లను ఆ చట్టం నుంచే తప్పించారు. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం, నివాసానికి అడ్వాన్స్ రెండు నెలల కిరాయి దాటకూడదంది, మంచిదే. కానీ కులం, మతం చూసి ఇల్లు నిరాకరించడం గురించి అందులో ఒక్క ముక్క లేదు.

హైదరాబాద్‌లో ఇంటిపన్ను లెక్కకు ఆధారం కిరాయి విలువే. ఏ గల్లీలో చదరపు అడుగు ఎంత పలుకుతుందో మున్సిపాలిటీకి తెలుసు. కిరాయికున్న మనిషి గురించి పట్టించుకునేది మాత్రం పోలీసులే, వివరాలు నమోదు చేసుకోవడానికి. నగరం దృష్టిలో ఇల్లు ఆదాయం, కిరాయిదారు అనుమానితుడు.

ఇంకో నగరాన్ని చూడండి. మన తెలుగువాళ్లు చాలామంది ఉన్న అమెరికాలోని సియాటిల్ 2023 ఫిబ్రవరిలో కుల వివక్షను నిషేధించింది. ఉద్యోగాలతో పాటు ఇళ్లకూ అది వర్తిస్తుంది. అందరికీ తెలిసిన వార్త ఇది. అంతకంటే ముందే, 2016లో, ఆ నగరం చేసిన పని గురించి మనం మాట్లాడుకోం. ఇల్లు కిరాయికిచ్చేవాళ్లు తమ షరతులన్నీ ముందే రాతపూర్వకంగా చెప్పాలి. దరఖాస్తులు వచ్చిన తేదీ, సమయం రాసుకోవాలి. షరతులకు సరిపోయినవాళ్లలో ఎవరు ముందొస్తే వాళ్లకే ఇవ్వజూపాలి. యజమానులు కోర్టుకు పోయారు. 2019లో వాషింగ్టన్ రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ నిబంధనను నిలబెట్టింది. కిరాయిదారులకు సలహా చెప్పే విభాగం, ఫిర్యాదు తీసుకునే పౌర హక్కుల కార్యాలయం కూడా ఆ నగరంలోనే ఉన్నాయి. అనుమానమున్న చోటికి ఆ కార్యాలయమే మనుషుల్ని ఇల్లు వెతుక్కునేవాళ్లలా పంపి పరీక్షిస్తుంది.

అది స్వర్గమని చెప్పడం లేదు. అక్కడా కిరాయిలు మండిపోతున్నాయి. కానీ వివక్ష దాక్కునేది నోటిమాటలో అని ఆ నగరం కనిపెట్టింది. మనం పట్టుకోవాల్సింది అది.

"నా ఇల్లు, నా ఇష్టం" అంటారు. నువ్వుండే ఇల్లు నీ ఇష్టం. బోర్డు పెట్టి, కిరాయి చెప్పి, అడ్వాన్స్ తీసుకుంటే అది వ్యాపారం. హోటల్లో రెండు గ్లాసుల పద్ధతిని నా హోటల్ నా ఇష్టం అంటే ఒప్పుకున్నామా?

కాబట్టి మున్సిపాలిటీని అడగాల్సినవి ఇవి. షరతులు రాసి పెట్టకుండా టులెట్ బోర్డు పెట్టకూడదు. ఇల్లివ్వకపోతే కారణం రాసివ్వాలి. ప్రతి సర్కిల్ ఆఫీసులో కిరాయిదారుల కోసం ఒక డెస్క్, ఒక ఫోన్ నంబర్ ఉండాలి. దళితులతో పాటు ముస్లింలకూ, ఒంటరి మహిళలకూ, ట్రాన్స్ మిత్రులకూ ఇదే తలుపు కావాలి.

అప్పటిదాకా విద్యార్థి సంఘాలు చేయగలిగిన పని ఒకటుంది. సుఖదేవ్ థోరట్ బృందం ఢిల్లీ పరిసరాల్లో ఫోన్ చేసీ, నేరుగా వెళ్లీ ఎవరికి ఇల్లిస్తున్నారో పరిశీలించింది. మనమూ చేయొచ్చు. ఒకే ఇంటికి, ఒకే జీతం చెప్పే ఇద్దరు వేర్వేరు ఇంటిపేర్లతో పోవాలి. తేదీ, సమయం, అన్న మాట అదే రోజు నోట్‌బుక్‌లో రాయాలి. ఇల్లిచ్చినవాళ్లనూ రాయాలి, అప్పుడే లెక్క నిజమవుతుంది. అట్లాంటి వంద ఎంట్రీలున్న నోట్‌బుక్‌ను కలెక్టర్ అధ్యక్షతన జరిగే జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ ముందు పెట్టండి. ఒక్కడి గోడు అని పక్కన పెట్టడం అప్పుడు అంత సులువు కాదు.

ఈ పని మొదలుపెట్టేవాళ్లు కామెంట్‌లో చెప్పండి. నోట్‌బుక్‌లో ఏమేం గళ్లు ఉండాలో వచ్చే భాగంలో రాస్తాను.

జై భీమ్.