పాటకూ పద్యానికీ దూరమెంత?

సినిమాపాటపై పండితులు తరచుగా చెప్పే అభ్యంతరం ఒకటున్నది. బాణీ ముందు పుట్టి, దానికి మాటలు పొదిగితే అది కవిత్వమెట్లా అవుతుందని.

ఈ వాదం నాకు సమ్మతం కాదు. ఉత్పలమాలకు భ, ర, న, భ, భ, ర, వ గణాలూ, పదవ అక్షరాన యతీ కవి కలం పట్టకముందే నిర్ణయమై ఉన్నవి. ఆ కట్టుబాటులో ఒదిగిన పదాన్ని మెచ్చుకొనే మనం, బాణీలో ఒదిగిన పదాన్ని చిన్నచూపు చూడడం న్యాయమా?

పైగా 1980ల నాటి పాటలన్నీ బాణీ వెంట నడిచినవి కావు. కె.వి. మహదేవన్ సాహిత్యాన్ని ముందుంచుకొని స్వరం కూర్చడంలో సిద్ధహస్తులు. 1980లో విడుదలైన 'శంకరాభరణం'లో రామదాసు, సదాశివ బ్రహ్మేంద్రుల కీర్తనల సరసన వేటూరి సుందరరామమూర్తి గీతాలు నిలిచినవి. రాగం పేరెరుగనివారు సైతం వాటిని పాడుకొన్నారు. మరి 'సాగర సంగమం' (1983)లో ఇళయరాజా స్వరాలకు అదే వేటూరి పదాలు ఎంత సుకుమారంగా అమరినవో విన్నవారికి తెలుసు. 1986లో 'సిరివెన్నెల' పాటలతో సీతారామశాస్త్రికి ఆ చిత్రనామమే ఇంటిపేరయింది.

అయితే ఆనాడు మారుమ్రోగిన ప్రతి పాటా ఇటువంటిదే అనను. నాయకుని అడుగులకు తాళం వేయడమే పనిగా పుట్టినవి అనేకం. వాటిలో కొన్ని వేటూరివే. వాటిలో అర్థం వెదకబోతే అలసట మనకే! జనాదరణ మాత్రం రెండు రకాలకూ దక్కింది. కనుక క్యాసెట్ల అమ్మకం విలువకు కొలత కాదు. పద్యానికి వేసే ప్రశ్ననే పాటకూ వేయాలి: ఈ మాట ప్రాస కోసం వచ్చినదా, భావం కోసం వచ్చినదా?