లగ్గం నాటి కాగితమే వీసాకు పునాది

జైనూర్ మండలం మార్లవాయిలో మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్, బెట్టీ ఎలిజబెత్ దంపతుల సమాధులున్నాయి. ఏటా జనవరి 11న గోండులు అక్కడ చేరి వాళ్లను తలుచుకుంటారు. ఆయనది వియన్నా, ఆమె ఇంగ్లిషు ఆడబిడ్డ. 1938లో వాళ్ల పెళ్లయింది. అదే ఏడాది జర్మనీ ఆస్ట్రియాను కలిపేసుకుంది. 1939లో యుద్ధం మొదలయ్యే నాటికి ఆయన దగ్గరున్నది జర్మన్ పాస్‌పోర్టు. దాంతో బ్రిటిష్ ఇండియాలో శత్రుదేశస్థుడి కింద లెక్కయ్యాడు, హైదరాబాద్ సంస్థానం దాటొద్దన్నారు. ఆ కట్టడిలోనే ఆయన ఆదిలాబాద్ అడవుల దాకా వచ్చాడు, మార్లవాయిలో గుడిసె వేసుకున్నాడు.

ఎనభై ఏళ్లు దాటినా కాగితం పెత్తనం తగ్గలేదు. నిర్మల్, జగిత్యాల, కరీంనగర్ దిక్కు నుంచి దుబాయికో, లండన్‌కో, డాలస్‌కో పోయినవాళ్లు భార్యనో భర్తనో పిలిపించుకోవాలనుకున్నప్పుడు ఆ సంగతి తెలిసొస్తుంది.

మొదటి ప్రశ్న జీతం గురించి. యూఏఈలో కుటుంబ వీసాకు నెలకు 4,000 దిర్హమ్‌లు, లేదా 3,000తో పాటు కంపెనీ వసతి ఉండాలి. బ్రిటన్‌లో ఏడాదికి 18,600 పౌండ్లుగా ఉన్న హద్దును 2024 ఏప్రిల్ 11న 29,000కు పెంచారు. అమెరికాలో పేదరిక రేఖలో 125 శాతానికి తగ్గని ఆదాయం చూపి పూచీకత్తు రాసివ్వాలి. విడాకులైనా ఆ పూచీ దానంతటది తొలగిపోదు. కెనడాలో జీవిత భాగస్వామికి సాధారణంగా ఆదాయపు హద్దు లేదు గానీ, మూడేళ్లు పోషణ బాధ్యత తనదేనని స్పాన్సర్ సంతకం పెట్టాలి. ఈ లెక్కలు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు వేసే ముందు ఆ దేశపు సర్కారు వెబ్‌సైట్‌లో మళ్లీ ఒకసారి చూసుకోవడం మంచిది.

జీతం సరిపోయినా చాలా ఫైళ్లు పెళ్లి రుజువు దగ్గరే చిక్కుకుంటాయి. లగ్గం పత్రిక, ఆల్బమ్, ఊరంతా తిన్న భోజనం పెళ్లి జరిగిందని చెప్పగలవు గానీ, రిజిస్ట్రేషన్ పత్రానికి బదులు కాలేవు. పెళ్లిళ్ల రిజిస్ట్రేషన్ తప్పనిసరి అంటూ ఉమ్మడి రాష్ట్రంలో 2002లోనే చట్టం వచ్చింది. దేశమంతటా అదే జరగాలని సుప్రీంకోర్టు 2006లో చెప్పింది. అయినా వీసా మాట వచ్చాకే జనం ఆఫీసు మెట్లెక్కుతున్నారు.

జైనూర్ లాంటి చోట ఇంకో పేచీ ఉంది. హిందూ వివాహ చట్టం మామూలుగా షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు. తెగ ఆచారం ప్రకారం పెళ్లాడిన గోండు, కొలాం జంటలు ఆ చట్టం కింద దరఖాస్తు రాస్తే చిక్కే. కులమతాలతో పనిలేని 2002 చట్టం వాళ్లకూ వర్తిస్తుంది. ఇప్పటికే జరిగిన పెళ్లిని ప్రత్యేక వివాహ చట్టం కింద నమోదు చేయించుకునే వీలూ ఉంది, దానికి ముప్పై రోజుల నోటీసు గడువు పడుతుంది.

తర్వాత పేర్ల గొడవ. పదో తరగతి మెమోలో పుట్టింటి పేరు, ఆధార్‌లో అత్తింటి పేరు, పాస్‌పోర్టులో ఇంటిపేరే లేకపోవడం మన దగ్గర మామూలే. విదేశీ అధికారికి మాత్రం అవి ముగ్గురు మనుషుల్లా కనిపిస్తాయి. దరఖాస్తుకు ముందే అన్నిటిలో ఒకే పేరు, ఒకే స్పెల్లింగు చేయించుకోవడం మేలు.

పత్రం చేతికొచ్చాక దాని మీద ముద్రలు పడాలి. అమెరికా, బ్రిటన్‌తో పాటు 2022 డిసెంబరు నుంచి సౌదీ అరేబియా కూడా ఒక దేశపు ముద్రను మరో దేశం ఒప్పుకునే అపోస్టిల్ ఒప్పందంలో ఉంది. యూఏఈ అందులో లేదు, కాబట్టి ఆ దేశపు రాయబార కార్యాలయం ముద్ర కూడా కావాలి. విదేశాంగ శాఖ అపోస్టిల్‌కు తీసుకునే రుసుము 50 రూపాయలు, ఏజెన్సీ సేవా ఖర్చు వేరు. ఏజెంటు ఎంత అడుగుతున్నాడో ఆ లెక్కతో పోల్చి చూసుకోవాలి.

వెళ్లే మనిషికీ ఒక జాగ్రత్త అవసరం. స్పాన్సర్ చేతిలో వీసా ఉంటే కాపురం మీద పెత్తనం కూడా అటే ఒరుగుతుంది. పెళ్లి పత్రం, పాస్‌పోర్టు, వీసా నకళ్లు తన దగ్గర ఒక జత, పుట్టింట్లో ఒక జత ఉండాలి. అసలు పాస్‌పోర్టును ఎవరూ గుంజుకోకుండా చూసుకోవాలి.

ఇదంతా జనం నెత్తిన వేసి సర్కారు ఊరుకుంటే సరిపోదు. విదేశీ కొలువులు చూపడానికి ప్రభుత్వానికి టామ్‌కామ్ ఉంది, గిరిజనుల కోసం ఉట్నూరులో ఐటీడీఏ ఉంది. పంపేటప్పుడు చూపే శ్రద్ధ కుటుంబాన్ని కలిపేటప్పుడూ ఉండాలి. పైగా ఇక్కడ అదునూ ఉంది. పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతరలో మెస్రం వంశపు కొత్త కోడళ్లను దేవుడికి పరిచయం చేస్తారు. అధికారులు వచ్చి గోడు వినే దర్బారు కూడా అక్కడే జరుగుతుంది, దాన్ని మొదలుపెట్టించింది హైమన్‌డార్ఫే. వంశమంతా సాక్షిగా నిలిచే ఆ రోజుల్లో దర్బారు పక్కన పెళ్లిళ్ల రిజిస్ట్రేషన్‌కు ఒక బల్ల, ఒక కంప్యూటర్, ఒక అధికారి ఉంటే కొత్త కోడళ్లు పత్రం చేతబట్టుకునే ఇల్లు చేరతారు.