తీయించుకునే హక్కు

హార్మోన్ లూప్‌ను ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా ఇవ్వమని మనం అడగాలా, లేక గర్భనిరోధక ఇంజక్షన్లను వ్యతిరేకించినట్టే దీన్నీ వ్యతిరేకించాలా? స్త్రీల ఆరోగ్యం మీద పనిచేసేవాళ్ల మధ్య ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా మాట రెండుగా చీలుతుంది. చీలడంలో తప్పేమీ లేదు. అయితే లూప్ మంచిదా చెడ్డదా అని వాదిస్తున్నంతగా, వద్దనుకున్న రోజున దాన్ని ఎవరు తీస్తారన్న విషయం మనం మాట్లాడటం లేదు.

ముందు ఆ సాధనం సంగతి. ఇది కాపర్-టీ లాంటి చిన్న ప్లాస్టిక్ ముక్కే. రాగి తీగకు బదులు దీని కాడలో 52 మిల్లీగ్రాముల లెవొనార్జెస్ట్రెల్ అనే హార్మోను ఉంటుంది. మొదట్లో రోజుకు 20 మైక్రోగ్రాముల చొప్పున అది గర్భసంచిలోకి ఊరుతుంది. గర్భాశయ ముఖద్వారం దగ్గరి జిగురు చిక్కబడి వీర్యకణాలు లోపలికి పోలేవు. గర్భసంచి లోపలి పొర పలచబడుతుంది. చాలామందిలో అండం విడుదల మాత్రం ఆగదు. 1990లో ఫిన్లాండ్‌లో మొదటిసారి అనుమతి పొందింది. మన దేశంలో మిరెనా పేరుతోనూ, ప్రభుత్వ రంగ సంస్థ హెచ్ఎల్ఎల్ తెచ్చిన ఎమిలీ పేరుతోనూ వచ్చింది. మొదట అయిదేళ్లకే అనుమతి ఉన్నా, గర్భనిరోధానికి మిరెనాను ఎనిమిదేళ్ల దాకా వాడవచ్చని 2022లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఒప్పుకుంది. మొదటి సంవత్సరంలో ఇది విఫలమయ్యేది వెయ్యిమందిలో సుమారు ఇద్దరికి. అంటే ట్యూబెక్టమీకి ఏమీ తీసిపోదు.

కానీ మన రెండు రాష్ట్రాల్లో దీని గురించి ఆలోచించవలసింది గర్భనిరోధం ఒక్కదాని కోసమే కాదు, రక్తస్రావం కోసం కూడా. కాపర్-టీ వేయించుకుంటే ముట్టు ఎక్కువవుతుందని మన ఊళ్లలో అందరికీ తెలుసు. హార్మోన్ లూప్ దానికి పూర్తిగా వ్యతిరేకం. రక్తస్రావం బాగా తగ్గిస్తుంది. ఏడాది గడిచేసరికి అయిదుగురిలో ఒకరికి ముట్టు పూర్తిగా ఆగిపోతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో సగానికి పైగా స్త్రీలు రక్తహీనతతో ఉన్నారు. అదే సర్వే మరో సంగతి చెప్పింది. 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిదిమంది, తెలంగాణలో దాదాపు ఎనిమిదిమంది.

ఈ అంకెల వెనక ఉన్న స్త్రీలు మనకు తెలిసినవాళ్లే. పదిహేడు పద్దెనిమిదేళ్లకు పెళ్లి, ఇద్దరు పిల్లలు, ఇరవై అయిదు నిండకముందే ఆపరేషన్. ముప్పై దాటాక బట్టలు ఆగనంత రక్తస్రావం, నడుం నొప్పి. కూలి పోతుంది. టౌనులో స్కానింగ్ తీసి ‘గర్భసంచి పుచ్చింది, ఉంచితే క్యాన్సరవుతుంది’ అంటారు. అప్పు చేసి తీయించుకుంటుంది. అండాశయాలు కూడా తీసేస్తే ముప్పై అయిదేళ్లకే ముట్లుడిగినదవుతుంది, ఎముకల నొప్పులు మొదలవుతాయి. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో ఇలాంటి అనవసరపు ఆపరేషన్ల మీద వేసిన కేసులో, కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలను అన్ని రాష్ట్రాలూ పాటించాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. అధిక రక్తస్రావానికి కోత లేకుండా చేసే చికిత్సల్లో హార్మోన్ లూప్ ఒకటి. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే స్త్రీకి కార్పొరేట్ ఆసుపత్రి డాక్టరు దీని గురించి చెబుతుంది. ఆమె కొన్ని వేలు పెట్టి వేయించుకుని మర్నాడు ఆఫీసుకు వెళ్తుంది. పత్తి చేలో కూలికి వెళ్లే స్త్రీకి దీని పేరే ఎవరూ చెప్పరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని 2015లో అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. మన జాతీయ జాబితాలోనూ ఉంది. జాబితాలో ఉన్నది ఆమె దాకా ఎందుకు రాలేదు? కేవలం ‘హార్మోన్లు వద్దు’ అని ఊరుకుంటే ఈ ప్రశ్న అడిగే అవకాశం పోగొట్టుకుంటాం.

ఇక అనుమానాల సంగతి. అవి ఊరికే పుట్టినవి కావు. 1965లో లిప్పిస్ లూప్‌ను దేశమంతటా లక్ష్యాలు పెట్టి వేశారు. రక్తస్రావంతో తిరిగొచ్చిన స్త్రీలను పట్టించుకునే ఏర్పాటు చేయలేదు. 1985లో పటాన్‌చెరులో నెట్-ఎన్ ఇంజక్షన్ ప్రయోగం జరుగుతున్నప్పుడు, అక్కడికి వచ్చిన స్త్రీలకు తమ మీద జరిగేది ప్రయోగమని కూడా తెలియదని స్త్రీశక్తి సంఘటన సభ్యులు గమనించారు. 1986లో ఆ సంస్థ, సహేలీ తదితరులు కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లారు. నార్‌ప్లాంట్ కథ ఇంకా దగ్గరిది. చేతి చర్మం కింద పెట్టే ఆ ఆరు గొట్టాల్లో ఉన్నదీ ఈ లెవొనార్జెస్ట్రెలే, దాన్ని రూపొందించినదీ ఈ లూప్ వెనక ఉన్న పాపులేషన్ కౌన్సిలే. బంగ్లాదేశ్‌లో నార్‌ప్లాంట్ పెట్టించుకుని, తీసేయమని బతిమాలిన స్త్రీలను వెనక్కి పంపేశారు. ఆ స్త్రీలను బాధపెట్టింది హార్మోను ఒక్కటే కాదు. తమ ఒంట్లో ఉన్నదాన్ని తీయించుకోవడానికి ఇంకొకరి దయ మీద ఆధారపడాల్సి రావడం. మాత్ర అయితే ఆమే మానేయగలదు. నిరోధ్ అయితే మొగుణ్ని ఒప్పించగలిగితే చాలు. (దేశంలో మగవాళ్ల ఆపరేషన్ వాటా 0.3 శాతం. ఆ అంకె గురించి విడిగా రాయాలి.)

ఈ చరిత్ర ముగిసిపోయిందా? ప్రసవం అయిన వెంటనే కాపర్-టీ వేసే పథకంలో వేసిన ప్రతిదానికీ ప్రోత్సాహకపు సొమ్ము పెట్టారు. పురిటి నొప్పుల్లో ఉన్న స్త్రీ చేత పెట్టించిన వేలిముద్రను అంగీకారమంటే నేనొప్పుకోను. తర్వాత ఆమె తీసేయమని వస్తే ‘గడువు కాలేదుగా’, ‘అలవాటవుతుందిలే’, ‘మీ ఆయన్ని తీసుకురా’ అంటారు. లూప్ తీయడం పెద్ద పని కాదు. శిక్షణ ఉన్న నర్సు దారం పట్టి కొద్ది నిమిషాల్లో తీయగలదు. అయినా దాన్ని పొందడం ఆమెకు గగనమవుతుంది. గడువు ఎనిమిదేళ్లయితే ‘గడువు కాలేదు’ అనే మాట కూడా ఎనిమిదేళ్లు సాగుతుంది.

హార్మోన్ లూప్‌తో తీసేయమని వచ్చేవాళ్లు తప్పక ఉంటారు. మొదటి మూడు నుంచి ఆరు నెలలు చుక్కలు చుక్కలుగా రక్తం కనిపిస్తూ ఉంటుంది. ముట్టయితే పూజకూ వంటింటికీ దూరం పెట్టే ఇళ్లలో అది ఆరు నెలల శిక్ష. ఆ తర్వాత ముట్టు ఆగిపోతే ‘చెడురక్తం లోపలే ఉండిపోయింది’ అని అత్త, ‘నెల తప్పిందా’ అని భర్త అంటారు. లోపలి పొర పలచబడింది కాబట్టే రక్తం రావడం లేదని, లోపల ఏదీ నిల్వ ఉండదని ముందే చెప్పాలి. కొందరికి తలనొప్పి, రొమ్ముల సలపరం, మొటిమలు వస్తాయి. వేసేటప్పుడు వెయ్యిమందిలో సుమారు ఒకరికి గర్భసంచికి రంధ్రం పడవచ్చు. రొమ్ము క్యాన్సర్ ఉన్నవాళ్లకు ఇది పనికిరాదు. 2024లో వెలువడిన డెన్మార్క్ అధ్యయనంలో, అయిదేళ్లలోపు వాడినవారిలో ప్రతి పదివేలమందికి సుమారు 14 రొమ్ము క్యాన్సర్లు అదనంగా కనిపించాయి. చిన్న సంఖ్యే. కానీ చిన్నదో పెద్దదో తేల్చుకోవలసింది వేయించుకునే స్త్రీ. హెచ్ఐవీ నుంచి ఇది కాపాడదు. అధిక రక్తస్రావానికి కారణమేమిటో పరీక్షించకుండా వేయడం కూడా సరికాదు.

కాబట్టి జిల్లా ఆసుపత్రుల్లో హార్మోన్ లూప్ ఉండాలని అడుగుదాం. గర్భసంచి తీసే ముందు ప్రతి స్త్రీకీ దీని గురించి చెప్పాలని అడుగుదాం. దీనికి లక్ష్యాలు గానీ ప్రోత్సాహకాలు గానీ పెడితే ఎదిరిద్దాం. పురిటి గదిలో సంతకం పనికిరాదని, తీయమని అడిగిన రోజే, కారణం అడగకుండా, భర్తను పిలవకుండా, డబ్బు తీసుకోకుండా తీయాలని పట్టుబడదాం. ఇవి హార్మోన్ లూప్ వచ్చేదాకా ఆగవలసిన పనులు కావు. ఇప్పుడున్న కాపర్-టీతోనే మొదలుపెట్టవచ్చు. ఈ మూడు నెలల్లో మీ మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి, కాపర్-టీ తీయించుకోవడానికి ఎందరొచ్చారో, ఎందరికి అదే రోజు తీశారో, ఎందరిని తిప్పి పంపారో రిజిస్టరులో చూడండి. తిరిగి వెళ్లినవాళ్లతో మాట్లాడండి. మీరు రాసి పంపినవి వచ్చే సంచికలో వేస్తాం.