గాలపుదారము

గాలము కొనబోవువాడు మొదట వెల విచారించును. మొదట విచారింపవలసినది చేపను, పిమ్మట నీటిని. ఉత్తర అమెరికా సరస్సులలోని మస్కీ యను పెద్దచేపకై అచ్చటివారు బలమైన కఱ్ఱను, పెద్ద రీలును, అల్లిక దారమును, వాడిపండ్లకు తెగకుండ కొసను ఉక్కుతీగను అమర్చుకొందురు. అది ఆ చేపకు తగిన సామగ్రి.

మడకశిర చెఱువులలో అంత నీరెక్కడిది? ఇచ్చట గాలమునకు దీటుగా నిలుచునది కొరమీను. అది పైకి వచ్చి గాలి పీల్చును. లోతులేని నీట తుంగలో దాగును. గాలము తగులగానే ఆ తుంగలోనికే దూరును. వంగిపోవు సన్నకఱ్ఱ దానిని ఆపజాలదు. సాగెడి నైలాను పోగుకంటె సాగని అల్లిక దారమే మేలు. రీలు లేకున్న లోటు లేదు. గట్టి వెదురుకఱ్ఱ చాలును.

దారము విషయమున మాత్రము పిసినితనము తగదు. చవుకదారము తెగి, ముల్లుతోసహా తుంగలో చిక్కుకొని నిలుచును. నూలుదారమైనచో కొన్నాళ్లకు కుళ్ళెడిది. 1938లో లోకమెఱిగిన నైలాను, దాని తరువాత వచ్చిన పోగులు అంత సులభముగా నశింపవు. నిండుటేటి తీరమున ఈ తప్పు కంటబడదు. మడకశిరలో వానలేని యేట చెఱువు ఎండును, ఎండిన చెఱువులో గొఱ్ఱెలు మేయును, బడిపిల్లలు వట్టికాళ్లతో ఆడుదురు.

కావున అసలుదారము మిక్కిలి బలమైనదై, ముల్లు దగ్గఱ మూరెడు తునక మాత్రము దానికంటె కొంచెము బలహీనముగ నుండవలెను. తెగినను ఆ మూరెడే పోవును.