అభ్యర్థి ఆమె, పీఠం ఆయనదా?

స్థానిక సంస్థల ఎన్నికలు దగ్గరపడిన ప్రతిసారీ మార్కాపురం, గిద్దలూరు, కంభం మొహల్లాల్లో ఒక తంతు జరుగుతుంది. వార్డు మహిళలకు కేటాయించబడిందని తెలియగానే పార్టీ పెద్దలు వచ్చి ఇంటి యజమానిని అడుగుతారు: "భాయ్, మీ ఇంట్లో ఎవరిని నిలబెడదాం?" ఆ "ఎవరు" భార్య కావచ్చు, కోడలు కావచ్చు, వదిన కావచ్చు. ఆమెను మాత్రం ఎవరూ అడగరు. నామినేషను పత్రం మీద సంతకం ఎక్కడ చేయాలో వేలు పెట్టి చూపిస్తారు, అంతే. తర్వాత కూడలిలో వెలిసే ఫ్లెక్సీ మీద ఆమె బొమ్మ తపాలా బిళ్ళంత, ఆయన బొమ్మ తలుపంత. కొన్నిటి మీద ఆమె బొమ్మ కూడా ఉండదు, "ఫలానా వారి సతీమణి" అన్న అక్షరాలే ఉంటాయి. మా ఇంటి నుంచి ఒకరు పోటీ చేస్తున్నారని మనం గర్వంగా చెప్పుకుంటాం. పోటీ చేస్తున్నది ఎవరు?

నేను గుమాస్తాగా పని చేసినవాణ్ణి. సమావేశం నాడు సభ్యురాలి కుర్చీలో భర్త కూర్చోవడం, హాజరు పుస్తకం సాయంత్రం ఇంటికి వెళ్ళి సంతకంతో తిరిగి రావడం కళ్ళారా చూశాను. తీర్మానాల పుస్తకంలో ఆమె "బలపరచిన" తీర్మానం ఏమిటో ఆమెకు తెలియదు. చట్టంలో సర్పంచి ఉన్నాడు, కౌన్సిలరు ఉన్నాడు. సర్పంచి భర్త, కౌన్సిలరు భర్త అనే పదవులు ఏ సెక్షనులోనూ లేవు. అయినా జనం ఆయననే "సర్పంచి గారూ" అంటారు, ఆయన పలుకుతాడు.

ఈ జాడ్యం మన ఒక్కరిదే కాదని వెంటనే జవాబు వస్తుంది. నిజమే. దేశమంతటా ఉంది కనుకనే కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 2023లో దీనిపై ఒక సంఘాన్ని వేసింది, ఆ సంఘం బినామీ పెత్తనానికి కఠినమైన శిక్షలుండాలని సూచించింది. కాని "అందరూ చేస్తున్నారు" అన్న మాట మన నోట ఎలా వస్తుంది? పది స్థానాలు చేతిలో ఉన్న వర్గం ఒకటి పాడుచేసుకున్నా తొమ్మిది మిగులుతాయి. మనకు దక్కేది ఒకటో రెండో. ఆ ఒక్కదాన్నీ సంతకానికి కుదించి కూర్చుంటే మిగిలేదేమిటి?

మనకు దక్కేవి ఎంత కొద్దివో లెక్క చూడండి. మన రాష్ట్ర చట్టం మండల పరిషత్తులో ఒక మైనారిటీ సభ్యుణ్ణి, జిల్లా పరిషత్తులో ఇద్దరిని కో-ఆప్షన్ ద్వారా తీసుకుంటుంది. 2006లో సచార్ కమిటీ సైతం ఆంధ్రప్రదేశ్ చేసిన ఈ పనిని ఇతర రాష్ట్రాలకు చూపించింది. మంచిదే. కాని కో-ఆప్షన్ సభ్యుడు మాట్లాడగలడు, ఓటు వేయలేడు. తీర్మానం గెలిపించేదీ ఓడించేదీ ఎన్నికై వచ్చిన చెయ్యి. అంత విలువైన చెయ్యిని మనమే వంటింట్లో కట్టివేసి, బయటికి వచ్చి ప్రాతినిధ్యం లేదని వినతిపత్రాలు ఇస్తున్నాం. చట్టసభల్లో మా వాటా ఏదని అడిగే నోటికి, ఇంట్లో ఆమె వాటా ఏదన్న ప్రశ్న చేదుగా ఉంటే ఎలా?

ఆమెకు ఏమీ తెలియదని కొందరంటారు. పశ్చిమ ప్రకాశంలో వార్డు సమస్య అంటే మొదట నీళ్ళు. ఫ్లోరైడు నీళ్ళు, ట్యాంకరు నీళ్ళు, రాని నీళ్ళు. ట్యాంకరు ఏ వీధిలో ఆగుతుందో, ఏ వీధిని తప్పిస్తుందో, ఎన్ని బిందెలు నిండుతాయో బిందె పట్టుకుని నిలబడ్డ మనిషికి తెలుస్తుంది గాని, టీ దుకాణం దగ్గర వెలిగొండ గురించి ఉపన్యసించే వారికి తెలుస్తుందా? డ్వాక్రా సంఘంలో పొదుపు లెక్కలు రాసే చేతికి వార్డు లెక్కలు అర్థం కావా? మొదటిసారి గెలిచిన మగవాడికి మాత్రం అన్నీ తెలిసే వస్తాయా? గుమాస్తాలం మేమే కదా నేర్పాం!

ఇక పర్దా సంగతి. రేషను వరుసలో, బ్యాంకులో, ఆధార్ కేంద్రంలో, పోలింగు బూతులో అడ్డురాని పర్దా కౌన్సిలు హాలు గుమ్మం దగ్గరే అడ్డొస్తుందా? శాలిబండ నుంచి 1952లో హైదరాబాదు శాసనసభకు ఎన్నికైన మాసూమా బేగం 1960లో సంజీవయ్య గారి మంత్రివర్గంలో మంత్రి అయ్యారు. అరవై ఐదేళ్ళ కిందట మంత్రి పదవి మోసిన సమాజం నేడు వార్డు పదవికి ధర్మసందేహం లేవదీస్తోంది. ప్రజల ఓటు అమానతు. ఎవరి పేరు మీద అప్పగించారో వారే దానికి జవాబుదారు. మరొకరు లాక్కుంటే ఆ పనిని మన పెద్దలు ఏ పేరుతో పిలుస్తారో వారినే అడగండి.

ఒక్క అభ్యంతరాన్ని మాత్రం తోసిపుచ్చను. రాజకీయాల్లో స్త్రీల మీద పడే నీచమైన మాటలు, రాత్రి పంచాయితీలు, బెదిరింపులు నిజమే. అందుకు ఇంటివారు తోడు వెళ్ళాలి. గుమ్మం దాకా వెళ్ళాలి. కుర్చీ దాకా కాదు.

2021 మార్చిలో ఎన్నికైన పురపాలక పాలకవర్గాలకు రాజ్యాంగం ఇచ్చిన గడువు ఐదేళ్ళే. ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీకి అనర్హులన్న నిబంధనను శాసనసభ 2024 నవంబరులో తొలగించింది. దాదాపు ముప్పై ఏళ్ళు ఎందరో తల్లులను గడప దగ్గర ఆపిన గొళ్ళెం అది. కాబట్టి ఈసారి మన ఇళ్ళ నుంచి నామినేషన్లు పెరుగుతాయి. మసీదు కమిటీలు, మొహల్లా పెద్దలు మద్దతు ప్రకటించే ముందు అభ్యర్థిని పిలిపించి, భర్తను బయట కూర్చోబెట్టి, వార్డులో ఏం చేస్తావమ్మా అని ఆమెనే అడగాలి. పార్టీ నాయకుడు అభ్యర్థి ఫోను నంబరు అడిగితే ఆమె నంబరే ఇవ్వాలి.