చించేసిన డాక్టరు చీటీ

కూతురి పురుటికి అమెరికా బయల్దేరే అమ్మానాన్నలు, సోమవారం పొద్దుటి విమానం అందుకుని హైదరాబాద్ ఆఫీసుకు వెళ్లే కుర్రాళ్లు ఇప్పుడు బందరులో, గుడివాడలో, అవనిగడ్డలో వీధికొకరు కనిపిస్తారు. చీకటితో కారు కట్టించుకుని గన్నవరం చేరితే అక్కడ బెల్టు తీయిస్తారు, బ్యాగు తెరిపిస్తారు, ఆవకాయ సీసాను అటూ ఇటూ తిప్పి చూస్తారు. మంచిదే. కానీ పోయినేడాది నుంచి చాలామంది నోట ఒక ప్రశ్న వినిపిస్తోంది. ముందు గదిలో కూర్చుని విమానం నడిపే మనిషి మనసు ఎలా ఉందో ఎవరు చూస్తున్నారు?

ఈ ప్రశ్న 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో 260 మందిని పొట్టన పెట్టుకున్న ఎయిరిండియా ప్రమాదం తర్వాత మొదలైంది. జులైలో ప్రాథమిక నివేదిక వచ్చింది. టేకాఫ్ అయిన వెంటనే రెండు ఇంజిన్ల ఇంధన స్విచ్‌లు ఒకదాని తర్వాత ఒకటి ‘కటాఫ్’లోకి మారాయని అది చెప్పింది. ఎందుకు మారాయో చెప్పలేదు. అయినా ఆ సాయంత్రానికే టీవీల్లో, వాట్సాప్ గ్రూపుల్లో పైలట్ మీద తీర్పులు వచ్చేశాయి. తొందరపడి నిర్ణయానికి రావొద్దని మన శ్రీకాకుళం ఎంపీ, పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు చెప్పాల్సి వచ్చింది. చనిపోయి, జవాబు చెప్పుకోలేని మనిషి మనసు గురించి వదంతులు రాయడం ఈ పేజీ పని కాదు. అందుకే దర్యాప్తు పూర్తయి, ఏం జరిగిందో తేలిపోయిన సంఘటన ఒకటి తీసుకుందాం.

2015 మార్చి 24. స్పెయిన్‌లోని బార్సిలోనా నుంచి జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ వెళ్తున్న జర్మన్‌వింగ్స్ విమానం ఫ్రాన్సులోని ఆల్ప్స్ కొండల్లో కూలింది. 150 మందిలో ఒక్కరూ మిగల్లేదు. వాళ్లలో 16 మంది ఒకే బడి పిల్లలు. స్పెయిన్‌లో వారం రోజులు గడిపి, ఇద్దరు టీచర్లతో ఇంటికి వస్తున్నారు. కెప్టెన్ బయటికి వెళ్లిన సమయంలో 27 ఏళ్ల కో-పైలట్ తలుపు తెరవకుండా, కావాలనే విమానాన్ని కొండకేసి దించాడని దర్యాప్తులో తేలింది. అతని ఇంట్లో పోలీసులకు చించేసిన డాక్టరు చీటీలు దొరికాయి. డ్యూటీకి పనికిరాడని రాసిచ్చిన చీటీలు అవి. ఒకటి ఆ రోజుకు కూడా వర్తిస్తుంది.

అంటే డాక్టర్లు గుర్తించలేదా? గుర్తించారు. అయిదేళ్లలో అతను 41 మంది డాక్టర్ల దగ్గరికి వెళ్లాడని ఫ్రాన్సు ప్రాసిక్యూటర్ చెప్పారు. కళ్లు పోతున్నాయేమోనని అతని భయం. కళ్లకు ఏమీ లేదు. ప్రమాదానికి రెండు వారాల ముందు ఒక డాక్టరు సైకోసిస్ కావచ్చని అనుమానించి, మానసిక ఆసుపత్రిలో చేరమన్నారు. కానీ ఏ డాక్టరూ విమాన సంస్థకు గానీ, విమానయాన శాఖకు గానీ ఒక్క ముక్క చెప్పలేదు. రోగి రహస్యం బయటపెడితే అక్కడ శిక్ష పడొచ్చు. ఎప్పుడు పెట్టొచ్చో స్పష్టంగా లేదు. మిగిలింది అతనే. తన జబ్బు సంగతి తానే వెళ్లి చెప్పుకోవాలి.

ఎందుకు చెప్పుకోలేదో ఫ్రాన్సు దర్యాప్తు సంస్థ బీఈఏ 2016 మార్చిలో ఇచ్చిన తుది నివేదికలో ఉంది. ‘పిచ్చివాడు’ అని పక్కన పెట్టేసేవాళ్లు చదవాల్సిన భాగం అది. శిక్షణ ఖర్చులో తన వాటా 60 వేల యూరోలు. అందులో దాదాపు 41 వేలు అప్పు. 2008-09లో ఒకసారి డిప్రెషన్ వచ్చి తగ్గింది కాబట్టి అతని మెడికల్ సర్టిఫికెట్‌కు ఒక షరతు తగిలించారు. జబ్బు మళ్లీ వస్తే సర్టిఫికెట్ పోతుంది. సర్టిఫికెట్ పోతే లైసెన్సు పనికిరాదు, జీతం రాదు. అలాంటప్పుడు ఆదుకోవడానికి లైసెన్సు బీమా ఉంటుంది. తన సర్టిఫికెట్ మీద ఉన్న ఆ షరతు వల్ల అలాంటి బీమా దొరకడం కష్టమవుతోందని 2014 డిసెంబరులో అతను ఒక ఈమెయిల్‌లో రాసుకున్నాడు. చీటీ ఇస్తే బతుకుదెరువు పోతుంది. ఇవ్వకపోతే రేపు పొద్దున డ్యూటీ. ఇది అతను చేసిన ఘోరాన్ని ఏ మాత్రం తగ్గించదు. డిప్రెషన్‌తో బాధపడే లక్షల మందిలో దాదాపు ఎవరూ ఇంకొకరి ప్రాణం తీయరు, ఆ మాట కూడా ఇక్కడే చెప్పాలి. కానీ చీటీ దాచుకునే మనుషులు ఎలా తయారవుతారో ఆ నివేదిక చెబుతోంది.

ఈ లెక్క మనకు కొత్తదేమీ కాదు. కమర్షియల్ పైలట్ లైసెన్సు తెచ్చుకోవాలంటే ఇప్పుడు అర కోటికి పైనే ఖర్చు. డెల్టాలో ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో తెలిసిందే. ఎకరమో రెండెకరాలో అమ్మాలి, లేదా ఇల్లు బ్యాంకులో పెట్టాలి. ఆ అప్పు తీరకముందే ఇరవై అయిదేళ్ల కుర్రాడికి రాత్రుళ్లు నిద్ర పట్టడం మానేస్తే, ఏ పనిమీదా మనసు నిలవకపోతే, ఆ సంగతి ఎవరితో చెబుతాడు? నాన్నతోనా? కంపెనీతోనా?

ఇక కంపెనీ బాధ్యత. ప్రమాదం జరిగిన రెండో రోజు లుఫ్తాన్సా అధిపతి ఆ కో-పైలట్ నూరు శాతం ఫిట్ అన్నారు. వారం తిరక్కుండానే, 2009లో అతను తన డిప్రెషన్ సంగతి తమ శిక్షణ కేంద్రానికి రాతపూర్వకంగా తెలిపాడని ఆ సంస్థే ఒప్పుకుంది. మృతుల బంధువులు కోర్టుకెళ్లారు. పైలట్ల ఆరోగ్యం చూడటం ప్రభుత్వ యంత్రాంగం పని, సంస్థది కాదని 2020లో ఎస్సెన్ కోర్టు, 2021లో హామ్‌లోని పైకోర్టు తేల్చాయి. చట్టం ప్రకారం అది సరైన తీర్పే కావొచ్చు. కానీ వినడానికి ఎలా ఉంది? డాక్టరు రహస్యం అంటాడు, సంస్థ ప్రభుత్వాన్ని చూపిస్తుంది, ప్రభుత్వం ఏడాదికోసారి చేసే పరీక్షను చూపిస్తుంది. ఆ పరీక్షలోనూ మనసు గురించి తెలిసేది చాలావరకు పైలట్ నోటితో చెబితేనే. 1982 ఫిబ్రవరిలో టోక్యో దగ్గర జపాన్ ఎయిర్‌లైన్స్ విమానాన్ని కెప్టెనే సముద్రంలో దించేసి 24 మంది చనిపోయినప్పుడూ ఇదే కథ. అంతకు ముందే మానసిక అనారోగ్యంతో డ్యూటీకి దూరమై, మళ్లీ ఫిట్ అనిపించుకుని వచ్చినవాడు ఆయన.

నష్టపరిహారం దగ్గర మాత్రం చట్టం కొంత గట్టిగానే ఉంది. మన దేశం 2009లో చేరిన మాంట్రియల్ ఒప్పందం ప్రకారం, అంతర్జాతీయ ప్రయాణంలో ప్రాణం పోతే తప్పెవరిదని చూడకుండా సంస్థ ఒక పరిమితి దాకా చెల్లించాలి. ఇవాళ్టి లెక్కన అది కోటిన్నర రూపాయలకు పైన. అయితే అది పోయాక ఇచ్చే డబ్బు. ముందే చేయగలిగేది ఒకటుంది. మనసు బాగాలేదని చెప్పిన పైలట్‌కు చికిత్స అయ్యేదాకా జీతం ఆపకపోవడం. బీఈఏ కూడా దాదాపు ఇదే చెప్పింది. లైసెన్సు పోతుందన్న భయం తగ్గించమంది, తోటి పైలట్లే ఆసరాగా నిలిచే బృందాలు పెట్టమంది, డాక్టరు ఎప్పుడు నోరు విప్పొచ్చో స్పష్టంగా రాయమంది. ఐరోపాలో 2021 నుంచి ఆ ఆసరా బృందాలు తప్పనిసరి. అమెరికాలోనైతే డిప్రెషన్‌కు వాడే కొన్ని మందులు వేసుకుంటూనే, కొంతకాలం పరిశీలన తర్వాత, విమానం నడపడానికి 2010 నుంచే అనుమతి ఇస్తున్నారు. మాత్ర వేసుకుని కుదుటపడిన పైలట్ మేలా, మాత్ర మానేసి దాచుకునే పైలట్ మేలా? విమానం ఎక్కే మనిషిగా నాకైతే మొదటివాడే కావాలి.

2016లో హార్వర్డ్ పరిశోధకులు పేర్లు అడగకుండా పైలట్లను ప్రశ్నిస్తే దాదాపు ఎనిమిది మందిలో ఒకరికి డిప్రెషన్ లక్షణాలు కనిపించాయి. నూటికి నలుగురు గత రెండు వారాల్లో చావు ఆలోచనలు వచ్చాయన్నారు. పేరు అడిగి ఉంటే ఎంతమంది చెప్పేవాళ్లో ఊహించుకోవచ్చు.

మన దేశంలో ఏం జరిగింది? 2023 ఫిబ్రవరిలో డీజీసీఏ పైలట్ల మానసిక ఆరోగ్యం మీద సర్క్యులర్ ఇచ్చింది. తోటివారి ఆసరా కార్యక్రమాలు పెట్టమని విమాన సంస్థలకు చెప్పింది. అహ్మదాబాద్ ప్రమాదం జరిగిన నాలుగో రోజు, జూన్ 16న, ఎయిరిండియాలో 112 మంది పైలట్లు ఒంట్లో బాగాలేదని సెలవు పెట్టారని ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పింది. ఆ 112 మందిలో ఎందరికి జ్వరం, ఎందరికి దిగులు? చీటీ మీద దిగులు అని రాసే ధైర్యం ఎందరికుంది? విశ్రాంతి సంగతి ఇంకోటి. వారానికి 36 గంటల విశ్రాంతిని 48 గంటలు చేసి, రాత్రి ల్యాండింగులు తగ్గించే నిబంధనలు 2025లో రెండు విడతలుగా అమల్లోకి వచ్చాయి. డిసెంబరులో ఇండిగో విమానాలు వేలల్లో రద్దయ్యాయి. గన్నవరంలోనూ జనం పెట్టెలు పట్టుకుని నిలబడ్డారు. వెంటనే ఆ నిబంధనల్లో కొన్నింటిని ఆ సంస్థకు తాత్కాలికంగా సడలించారు. మనమూ సడలిస్తే బాగుణ్ననే అనుకున్నాం, విమానం కదిలితే చాలని. మనవైపు నుంచి రాత్రికి రాత్రి కలకత్తా బయల్దేరే చేపల లారీ డ్రైవరును ‘నిద్రపోయావా’ అని కాకుండా ‘లోడు ఎప్పటికి చేరుస్తావు’ అని అడిగినట్టే ఇదీ.

దాచుకోవడం మన ఇళ్లలోనూ ఉంది. దివిసీమ నుంచి విజయవాడ వెళ్లి సైకియాట్రిస్టును చూపించుకుని, ఊళ్లో మాత్రం ‘నరాల డాక్టరు’ దగ్గరికి వెళ్లొచ్చామని చెప్పేవాళ్లు ఎందరో. మాత్రల అట్ట మీద పేరు చింపి పెట్టుకుంటారు. సంబంధాలు చూసేటప్పుడు షుగరు ఉందని చెబుతారు, దిగులుకు మందులు వాడామని చెప్పరు. పైలట్ కూడా ఇలాంటి ఇంట్లోంచే వస్తాడు. దాచుకోవడం అతనికి కంపెనీ నేర్పకముందే మనం నేర్పి పంపిస్తున్నాం. ఇంట్లో ఎవరికైనా నిద్ర, ఆకలి తప్పి, రెండు వారాలైనా దిగులు వదలకపోతే, లేదా చచ్చిపోవాలనిపిస్తోందన్న మాట వినిపిస్తే టెలి మానస్ 14416కు ఫోను చేయండి. ఉచితం, ఏ వేళలోనైనా, తెలుగులోనే మాట్లాడతారు.

మన మానసిక ఆరోగ్య చట్టం 2017లో వచ్చింది. ఒంటి జబ్బులకు ఎలా ఇస్తారో మనసు జబ్బులకూ అలాగే ఆరోగ్య బీమా ఇవ్వాలని అందులో ఉంది. రోగి రహస్యం కాపాడాలని ఉంది. ఇంకొకరికి హాని తప్పించడానికి అవసరమైనంత వరకు డాక్టరు చెప్పొచ్చని కూడా ఉంది. ఆ ఫోను ఎవరికి చేయాలో బందరులో ప్రాక్టీసు చేసే డాక్టరుకు కూడా ముందే తెలిసి ఉండాలి. ఆ పని డీజీసీఏది. పిల్లల్ని పైలట్ శిక్షణకు పంపే తల్లిదండ్రులు ఫీజు వాయిదాల గురించి అడిగినట్టే, మనసు జబ్బుతో లైసెన్సు ఆగిపోతే బీమా వర్తిస్తుందా అని అడగాలి, జవాబు కాగితం మీద తీసుకోవాలి. విమాన సంస్థలు ఆసరా కార్యక్రమం ఉందని వెబ్‌సైట్లో రాసుకుంటే సరిపోదు. పేర్లు అక్కర్లేదు. ఈ ఏడాది మనసు బాగాలేదని ఎంతమంది పైలట్లు చెప్పారో, వాళ్లలో ఎంతమందికి జీతం ఆగలేదో, ఎంతమంది మళ్లీ వచ్చి కాక్‌పిట్‌లో కూర్చున్నారో ఏటా అంకెల్లో బయటపెట్టాలి.